తెప్పని వదలొద్దని చెప్పింది నేనే

మా మావ నడుముకి ఆ బెల్టు బిగించింది నేనే. బకిలు సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు లాగి చూసిందీ నేనే. తర్వాత జరిగినదానికి ఎవరు ఏ పేరు పెట్టుకున్నా, ముందు ఈ మాట చెప్పేస్తే నాకు కాస్త ఊపిరాడుతుంది.

మావంటే మా అమ్మ తమ్ముడు. మాది ఉద్దానం ఒడ్డున సముద్రం మీద బతికే ఊరు. నాకు పదేళ్లప్పుడు నాన్న పోయాడు. అప్పట్నించీ నన్ను తిట్టినా కొట్టినా, తెప్ప మీద కూర్చోబెట్టుకుని వేటకి తీసుకెళ్లినా అంతా మావే. అల లేచినప్పుడల్లా నేను వాంతి చేసుకునేవాణ్ణి. నాలుగుసార్లు చూసి, "నీకు సముద్రం పడదురా అల్లుడా, పోయి సదువుకో" అని ఒడ్డుకి తోలేశాడు. అలా నేను చదువుకున్నాను.

డిప్లొమా అయ్యాక విశాఖలో ఆరు నెలలు సేఫ్టీ కోర్సు చేశాను. రెండు మూడు చోట్ల పనిచేసి, చివరికి పలాసలో ఒక నాలుగంతస్తుల కట్టడం దగ్గర సేఫ్టీ సూపర్‌వైజరుగా కుదిరాను. కింద దుకాణాలు, పైన గదులు. నాలుగో అంతస్తు మీదికెక్కితే రైలు స్టేషను, జీడిపిక్కల ఫ్యాక్టరీల పొగగొట్టాలు, ఆ పైన కొండలు కనబడేవి. పిక్కలు కాల్చే వాసన రోజంతా ముక్కులోనే ఉండేది. నా చేతిలో ఈల, చంకలో అట్ట, అట్టకి ఒక కాగితం. కాగితం మీద పన్నెండు ప్రశ్నలు. హెల్మెట్టు పెట్టుకున్నాడా, బూట్లు ఉన్నాయా, బెల్టు హుక్కు తగిలించాడా. ఉంటే టిక్కు, లేకపోతే అడ్డగీత. రోజూ పొద్దున్నా మధ్యాహ్నం తిరిగి చూసి సంతకం పెట్టాలి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎవడైనా హెల్మెట్టు బోర్లించి అందులో మేకులు పోసుకున్నాడంటే నేను వేసే ఈలకి రోడ్డు మీద ఆటోలు ఆగేవి. అందుకే నాకు ఈల మాస్టారని పేరు పెట్టారు.

పేరు పెట్టింది మా ఊరివాళ్లే. ఎండాకాలంలో వేట నిషేధం ఉన్న రెండు నెలలూ పడవలు ఒడ్డునుంటాయి. అప్పుడు మావాళ్లు పలాసకి, టెక్కలికి కట్టడం పనులకి వస్తారు. కొబ్బరిచెట్లెక్కిన కాళ్లు, వలలు కట్టిన చేతులు. సరుగుడు కర్రలతో పరంజా కట్టడం వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ ఏడాది పదకొండు మంది వచ్చారు. వాళ్లలో మావ ఉన్నాడు, నాకు వరసకి బావ అయ్యే ఒక నోటిదురుసు మనిషి ఉన్నాడు. పదకొండు మందీ నా మాట మీద వచ్చినవాళ్లే.

బెల్టు పెట్టించడానికి మాత్రం నా తలప్రాణం తోకకొచ్చింది. సముద్రం మధ్యలో నిలబడి వల విసిరేవాళ్లకి నాలుగంతస్తులు ఒక లెక్కా? మావ బెల్టుని రెండు వేళ్లతో ఎత్తి చూసి, "ఇదేటిరా, పలుపా? మావని తెచ్చి గాటికి కట్టేత్తన్నావేటి" అన్నాడు. అందరూ నవ్వారు. బావ ఆ బెల్టుతో తన అన్నం క్యారేజీ కట్టి పరంజాకి వేలాడదీశాడు. వారం రోజులు అరిచాను. కోర్సులో చెప్పిన బొమ్మలన్నీ చూపించాను. లాభం లేకపోయింది.

అప్పుడు నాకు ఆ తెలివైన ఆలోచన వచ్చింది. ఇప్పటికీ తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఒక సోమవారం పొద్దున్న అందర్నీ ఇసక కుప్ప దగ్గర కూర్చోబెట్టాను. మా వైపు వేటకి వెళ్లేవాడికి మొట్టమొదట నేర్పేది ఒక్కటే. తెప్ప తిరగబడితే తెప్పనే పట్టుకోవాలి. ఒడ్డు కళ్లముందు కనబడుతున్నా సరే, దాన్ని వదిలి ఈదుకుంటూ పోకూడదు. గాలి ఎక్కువున్న రోజున మావ నా నడుముకి తాడు కట్టి, రెండో కొస తెప్ప దుంగకి ముడేసేవాడు. నేను అదే ఎత్తుకున్నాను. "సముద్రంలో తెప్పని వదలరు కదా. ఇక్కడ పరంజాయే మీకు తెప్ప. దాన్ని వదలకండి. హుక్కు తగిలించుకోండి" అన్నాను.

ఒక్కడు కూడా నవ్వలేదు. మావ లేచి బెల్టు అందుకుని, "ఈ మాట మొదటే సెప్పొచ్చు కదరా, ఈలలెందుకు ఊదడం" అన్నాడు. అదిగో, అప్పుడే నేను ఆ బెల్టు ఆయన నడుముకి బిగించాను. ఆ రోజు నాకున్న గర్వం ఇంతా అంతా కాదు. విశాఖలో ఏ మాస్టారికీ తట్టని మాట నాకు తట్టిందనుకున్నాను.

ఆ మాటలో తప్పు తెలిసినవాళ్లకి ఇప్పటికే తెలిసి ఉంటుంది. తెప్ప తేలుతుంది. పరంజా తేలదు. అది కూలితే, దానికి తగిలించుకున్నవాణ్ణి తనతోపాటు కిందికి లాక్కుపోతుంది. హుక్కు తగిలించాల్సింది పరంజాకి కాదు. పై స్లాబు స్తంభానికి విడిగా కట్టిన తాడుకి. కోర్సులో ఇది చెప్పారు, నేను పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. అయినా మావ తన హుక్కుని సరుగుడు కర్రకి తగిలించి నా వైపు చూసినప్పుడు, నా కంటికి అది తప్పుగా కనబడలేదు. చిన్నప్పుడు నా నడుము తాడు తెప్పకే ఉండేది కదా. హుక్కు తగిలించాడా అనే ఏడో ప్రశ్న ఎదురుగా టిక్కు పెట్టాను. ఇరవై రోజులు రోజుకి రెండుసార్లు పెట్టాను.

ఇంతలో కిటికీల వాళ్లు వచ్చారు. పరంజా గోడని పట్టుకుని నిలబడాలంటే, ప్రతి అంతస్తులోనూ కిటికీ ఖాళీల్లోంచి కర్రలు లోపలికి దూర్చి అడ్డకర్రకి కట్టాలి. ఆ కర్రలుంటే కిటికీ చట్రాలు కూర్చోవు. అందుకని తూర్పు వైపు, పడమటి వైపు కట్లన్నీ విప్పేశారు. పరంజా ఊరికే గోడపక్కన నిలబడి ఉంది. నేను కాంట్రాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆయనది టెక్కలి వైపు పెద్ద కుటుంబం. భూములు, జీడిపప్పు వ్యాపారం, ఎన్నికలొస్తే తిరిగే జీపులు, అన్నీ ఉన్నాయి. కారు అద్దం సగం దించి విన్నాడు.

"రెండ్రోజుల పనయ్యా. ఇప్పుడు ఆపితే తాపీ మేస్త్రీలు ఇంకో సైటుకి ఎల్లిపోతారు. మళ్లీ దొరకరు" అన్నాడు.

"కట్లు లేకుండా మనుషుల్ని ఎక్కించకూడదండీ."

"నీకాడ బెల్టులున్నాయి కదేటి? అందుకే కదా నిన్నెట్టుకున్నాను." అద్దం పైకి వెళ్లిపోయింది.

నేను పని ఆపి ఉండాల్సింది. నా చేతిలో ఈల ఉంది. ఊది, అందర్నీ దించి ఉండాల్సింది. దించితే పదకొండు మంది సాయంత్రం బస్సుకి ఊరికి పోతారు, వాళ్ల వెనకే నేనూ పోతాను. అది తలుచుకుని నాకు భయమేసింది. పని ఆపలేని మనిషి ఏం చేస్తాడు? బెల్టుల మీద పడతాడు. ఆ రెండు రోజులూ నేను ఒక్కొక్కడి హుక్కూ చూశాను, తగిలించనివాణ్ణి నానా మాటలూ అన్నాను. బావ నేను చూస్తున్నంతసేపు తగిలించి, నేను తిరగ్గానే విప్పేసేవాడు. మావ మాత్రం విప్పేవాడు కాదు. అల్లుడి మాట పోకూడదని.

రెండో రోజు మధ్యాహ్నం మూడయింది. కొండల వైపునుంచి గాలి మొదలైంది. నేను కింద నీళ్ల డ్రమ్ము దగ్గర నిలబడి కాగితం నింపుతున్నాను. తూర్పు వైపు మూడో అంతస్తు ఎత్తులో ముగ్గురున్నారు. మావ, బావ, ఇంకొకతను. కిర్రుమని చప్పుడైతే తలెత్తాను. పరంజా గోడని వదిలి మెల్లగా వెనక్కి వాలుతోంది. అంత మెల్లగా వాలుతుందని చూడనివాళ్లు నమ్మరు. బావ, ఆ ఇంకొకతను కిటికీలోకి దూకేశారు. మావ కూడా దూకాడు. ఆయన ఎడమచెయ్యి కిటికీ అంచు మీద పడింది. నేను చూశాను. వేళ్లు బిగించి పట్టుకున్నాడు. అప్పుడు నడుము దగ్గర బెల్టు బిగుసుకుంది. కర్రలు అటు పోతున్నాయి, బెల్టు ఆయన్ని అటే లాగింది. వేళ్లు ఊడిపోయాయి.

కింద ఇసక కుప్ప ఉండబట్టి మనిషి దక్కాడు. తుంటి విరిగింది, కుడికాలు రెండు చోట్ల విరిగింది. పైన పడిన కర్రలు తీస్తుంటే నా చేతికి ఆ హుక్కు తగిలింది. ఇంకా కర్రనే పట్టుకుని ఉంది. విప్పబోతే రాలేదు. ఎవరో కత్తితో బెల్టు కోశారు.

టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కణ్ణించి శ్రీకాకుళం పంపారు. మూడో రోజు మావకి మాట వచ్చింది. మళ్లీ నడుస్తాడా అని అడిగితే, ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టర్లు. మంచం పక్కన మా అత్త కూర్చుని ఉంది. నన్ను చూడగానే నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు ఆ బెల్టు కట్టబట్టే పేనంతో ఉన్నాడురా బాబూ. నీ రుణం ఉంచుకోలేం" అంది.

మావ కళ్లు నా మీదే ఉన్నాయి. "నా సెయ్యి గోడమీదున్నాదిరా" అన్నాడు మెల్లగా. "ఎలగ జారిపోనాదో తెలడం నేదు." అత్త నాకు అన్నం పెట్టింది. ఆ అన్నం తిన్నాను. అత్త ఎదురుగా కూర్చుని విసురుతుంటే, ముద్ద ముద్దకీ ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకుంటూనే విస్తరి ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని వచ్చేశాను. పిరికివెధవని.

సైటుకి వస్తే కాంట్రాక్టరు నా గదిలో నా కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. బల్లమీద నా కాగితాలన్నీ వరసగా పేర్చి పెట్టాడు. అంత ఆప్యాయంగా నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"బేస్తవారం లేబరాపీసు నుంచి వత్తారు. నువ్వు కంగారుపడకు. కాయితం మొత్తం కరెట్టుగుంది. బెల్టు ఉన్నాది, హుక్కు తగిలించినాడు, టిక్కు ఉన్నాది. గాలొచ్చినాది, పడిపోనాది. ఇందులో అబద్ధమేటైనా ఉందేటి?"

లేదు. ఒక్కటి కూడా లేదు. అదే నా మెడకి చుట్టుకుంది. నా కాగితంలో అబద్ధం రాసి ఉంటే చింపేసి ఏడ్చేవాణ్ణి. అన్నీ నిజాలే. హుక్కు దేనికి తగిలించాడో చెబితే, మావ తన తప్పువల్లే పడ్డాడంటారు. అలా చెప్పింది నేనని చెబితే, నా ఉద్యోగం, నా సర్టిఫికెట్టు పోతాయి. కట్లు విప్పారని చెబితే ఈయన నన్ను ఈ జిల్లాలో ఎక్కడా పనిచెయ్యనివ్వడు. ఏమీ చెప్పకపోతే ఎవరికీ ఏమీ కాదు. కానీ పడమటి వైపు పరంజా కూడా కట్లు లేకుండానే నిలబడి ఉంది. శుక్రవారం నుంచి దానిమీదికి మనుషుల్ని ఎక్కించాలని ఆయన అప్పుడే మేస్త్రీలకి చెప్పేశాడు. ఎక్కేది మావాళ్లే. సంతకం పెట్టాల్సింది నేనే.

ఇంకా కర్మేమిటంటే, మావాళ్లు బెల్టులన్నీ తెచ్చి నా గది ముందు పడేశారు. "హుక్కు ఎట్టనోళ్లం బతికినాం. ఎట్టినోడు పడిపోనాడు" అన్నాడు బావ. ఆ మాటకి జవాబు నా దగ్గర ఉంది. చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి. గది తలుపేసుకుని కూర్చున్నాను. వేసవి ఎండకి రేకుల గదిలో ఉడికిపోతూ, బయట వాళ్ల గొంతులు వింటూ, ఆ కాగితాలనే చూస్తూ ఉండిపోయాను.

గురువారం వచ్చిన అధికారి ఒకావిడ. నా ఈడే ఉంటుంది. కొంగు నడుముకి దోపుకుని నాలుగంతస్తులూ ఎక్కింది. కాంట్రాక్టరు పక్కనే నడుస్తూ కొబ్బరిబొండాం తాగమంటున్నాడు. ఆవిడ కిందికొచ్చి నా కాగితం తీసుకుంది. చదివింది. తిప్పి వెనక కూడా చూసింది.

"హుక్కు తగిలించాడు, సరే. దేనికి తగిలించాడు?"

ఆ ప్రశ్న కోసమే మూడు రోజులుగా భయపడుతున్నాను. తీరా అడిగితే నోరు దానంతటదే తెరుచుకుంది.

"పరంజాకండీ."

"పరంజాకి తగిలించమని ఎవరు చెప్పారు?"

కాంట్రాక్టరు దగ్గాడు. "నేనే చెప్పానండీ" అన్నాను. ఇక ఆగలేదు. తెప్ప మాట చెప్పాను, కిటికీల కట్లు చెప్పాను, కారు అద్దం చెప్పాను. పడమటి వైపు కూడా అలాగే ఉంది, వచ్చి చూడండని చెయ్యి చూపించాను. ఆవిడ అంతా రాసుకుంది.

"ఇదంతా ఈ కాగితంలో ఎందుకు రాయలేదు?"

"ఆ ప్రశ్న అందులో లేదండీ."

"మరి మీరెందుకు ఉన్నట్టు?"

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

నన్ను తీసేస్తారనుకున్నాను. గోనెసంచిలో బట్టలు కూడా సర్దుకున్నాను. కాంట్రాక్టరు వచ్చి, ఆవిడ రాసిన కాగితం నా ముందు విసిరాడు. కట్లు కట్టి, స్తంభాలకి విడిగా తాళ్లు వేసేదాకా పని ఆపాలని అందులో ఉంది. రోజూ సేఫ్టీ సూపర్‌వైజరు చూసి సంతకం పెట్టిన తర్వాతే ఎవరైనా ఎక్కాలి. కొత్తవాణ్ణి తెచ్చేసరికి నెల పడుతుంది. "సచ్చినట్టు ఇక్కడే పడుండు" అన్నాడు. అలా పడున్నాను. ఆయన మాట్లాడడు, మావాళ్లు మాట్లాడరు. పోదామంటే నా సంతకం లేకుండా పని నడవదు.

కట్లు మళ్లీ కట్టించాను. స్తంభాలకి విడితాళ్లు వేయించాను. మావాళ్లు బెల్టు ముట్టుకుంటే ఒట్టు. ఈసారి నేను ఏ మాటలూ చెప్పదలుచుకోలేదు. పదిమందినీ పై స్లాబు మీదికి పిలిచి, తప్పు నాదేనని, తెప్ప మాట తప్పని చెప్పాను. బెల్టు కట్టుకుని, స్తంభం తాడుకి హుక్కు తగిలించి, స్లాబు అంచు మీంచి కాళ్లు వదిలేశాను.

ఎత్తంటే నాకు భయం. ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. బెల్టు పక్కటెముకల కిందికి కోసుకుపోయింది. కింద రోడ్డు తిరుగుతోంది. పైన బావ అంచు మీద గొంతుక్కూర్చున్నాడు.

"ఎలగున్నాది మాస్టారూ?"

"లాగు బావా."

"తొందరేటి. సూడనీ." తాడుని వేలితో మీటాడు. లేచి వెళ్లి స్తంభం దగ్గర ముడి చూశాడు. తిరిగొచ్చి కూర్చున్నాడు. నా కాళ్లు తిమ్మిరెక్కాయి. ఎవరూ లాగడం లేదు. కింద పరంజా విడిగా ఉంది, దానికీ నాకూ సంబంధం లేదు. పైకి రాలేను, కిందికి పోలేను, ఊరుకుని వేలాడాలి. మావ వేళ్లు ఊడిపోయినప్పుడు ఆయనకి ఎలా అనిపించి ఉంటుందో ఆలోచించాను. నాకు ఏడుపొచ్చింది. అందరూ చూస్తుండగానే ఏడ్చాను.

"సాల్లే, లాగండి" అన్నాడు బావ. పైకి లాగాక నా నడుము నుంచి బెల్టు విప్పి, తన నడుముకి కట్టుకున్నాడు.

మావని ఇంటికి పంపిన పదిరోజులకి ఊరెళ్లాను. జీడితోటల్లోంచి నడుస్తూ దారి పొడవునా చెప్పాల్సింది కూడబలుక్కున్నాను. మావ వసారాలో మంచం మీద ఉన్నాడు. కాలికి కట్టు, పక్కన సగం కట్టిన వల. అత్త మంచినీళ్లు నా చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి లోపలికి వెళ్లింది. ఆమెకి తెలిసిపోయిందని నాకర్థమైంది.

"మావా, ఆ రోజు నేను చెప్పింది తప్పు."

"తెల్సు. మనోళ్లు సెప్పినారు. ఆపీసరమ్మ కాడ ఒప్పుకున్నావంట." వల పక్కకి నెట్టాడు. "నీళ్ల మీదైతే నీ మాట రైటేరా. ఇసక మీద పడతామని నాకూ తట్టనేదు."

ఆ మాటకి నాకు ఇంకా కష్టమేసింది. తిడితే బాగుండేది.

"అది సూడు" అని పైకి చూపించాడు. మంచం మీద లేచి కూర్చోవడానికి పట్టుకునే కొత్త తాడు, పడవకి వాడేది, పైనుంచి వేలాడుతోంది. "మీ అత్త ముందు ఈ మంచం పట్టికే కట్టినాది. విప్పించేసినాను. దూలానికి కట్టించినాను. నాలుగు రోజులైనాది."

"లేచి కూర్చుంటున్నావా దాంతో?"

"ఇంకా ముట్టుకోనేదు." మావ నా మొహంలోకి చూశాడు. "నువ్వొచ్చి సూడాల కదా."

నేను లేచి ఆ తాడుని రెండు చేతులా పట్టుకున్నాను. కాళ్లు నేల మీంచి ఎత్తేసి, నా బరువంతా దాని మీద వేసి, అలాగే కాసేపు వేలాడాను. దూలం కదల్లేదు. ముడి కదల్లేదు. దిగి, గట్టిగానే ఉంది మావా అన్నాను. అప్పుడు ఆయన చెయ్యి చాచి ఆ తాడు పట్టుకున్నాడు.